ఆలివ్ మొక్కకి జీవన ఎరువు వేస్తున్నారా? ముందు కుండీ బోర్లించి వేళ్లు చూడండి

పోయిన జూన్‌లో ఒకరోజు సాయంత్రం, వాన వెలిశాక, మా మేడ మీద ఉన్న నాలుగు ఆలివ్ మొక్కల్లో ఒకదాన్ని కుండీతో సహా బోర్లించి బయటికి తీశాను. పైకి చూస్తే ఆకులు బాగానే ఉన్నాయి, కానీ ఎనిమిది నెలలుగా ఒక్క చిగురు వేస్తే ఒట్టు. అప్పటికే దానికి నేను పోయని జీవన ఎరువు లేదు. ఎవరేది చెప్తే అది తెచ్చి పోశాను, నెలకి రెండుసార్లు, పూజ చేసినంత శ్రద్ధగా. మట్టిముద్ద చేతిలోకి వచ్చాక చూస్తే కింది సగమంతా నల్లగా ఉంది, మురుక్కాలువ వాసన. ఒక వేరుని రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పైతోలు ఊడి వేలికి అంటుకుంది, లోపల సన్నటి దారం మాత్రం మిగిలింది. పై సగంలో నాలుగైదు తెల్లటి పిల్లవేర్లు ఉన్నాయి, పాపం వాటితోనే ఈడ్చుకొస్తోంది.

కుండీ అడుగు రంధ్రం కోకోపీట్‌తో, అంటే కొబ్బరిపీచు పొట్టుతో, మూసుకుపోయింది, అంతే జరిగింది. నీళ్లు నిలిచాయి, గాలి ఆడలేదు, వేళ్లు కుళ్లాయి. నేను పోసిన సూక్ష్మజీవులన్నీ ఆ బురదలో పడి చచ్చాయి. జీవన ఎరువు అంటే యూరియాలాగా రసాయనం కాదు, ప్రాణమున్న సూక్ష్మజీవుల సరుకు. దానికి గాలి కావాలి, తడి కావాలి, ఉండటానికి బతికున్న వేరు కావాలి. ఇది బుర్రకెక్కితే ఏం కొనాలి, ఎప్పుడు వేయాలి, దేనితో కలపకూడదు అన్న ప్రశ్నలకి సగం జవాబులు మీకే తడతాయి. మిగతా సగం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి, కింద చెప్తాను. మేం ఉండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో, కుండీలు అక్కడ. హోస్కోట దాటాక మా బావకి కొంచెం పొలం ఉంటే గట్టు వెంట ఇంకో పన్నెండు మొక్కలు పెట్టాం. కాబట్టి కుండీ సంగతీ నేల సంగతీ రెండూ వస్తాయి.

అసలు అది ఆలివేనా?

నవ్వకండి. బెంగళూరులో లేఅవుట్ల రోడ్ల పక్కన, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర అంతస్తులు అంతస్తులుగా గొడుగులా పెరిగే చెట్టుని నర్సరీవాళ్లు 'బ్లాక్ ఆలివ్' అని అమ్ముతారు. దాని పేరు బుసిడా. మనం తినే ఆలివ్‌కీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, అది తెల్లమద్ది, కరక్కాయల కుటుంబం. అసలు ఆలివ్ మన మల్లెకీ పారిజాతానికీ చుట్టం. ఆకులు కొమ్మ మీద జంటలుగా, ఎదురెదురుగా వస్తాయి, సన్నగా ఉంటాయి, పైన బూడిద కలిసిన పచ్చ, వెనక్కి తిప్పితే వెండి రంగు. బుసిడా ఆకులైతే కొమ్మ మీద గుత్తులు గుత్తులుగా ఉంటాయి. లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీల్లో తిరిగేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే డబ్బులు మిగులుతాయి.

రెండో మాట, కాయల మీద ఆశ పెట్టుకోకండి. ఆలివ్ పూత రావాలంటే చలికాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉండి చల్లగానే ఉంటుంది కానీ మన డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, పగలు మళ్లీ 27. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో ఆలివ్ తోటలు వేసి 2014లో బికనేర్ జిల్లా లూణ్‌కరన్‌సర్‌లో నూనె తీసే ఫ్యాక్టరీ కూడా పెట్టారంటే అక్కడ ఎడారి చలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి. తక్కువ చలితో సరిపెట్టుకునే అర్బెక్వినా, కొరొనైకీ లాంటి రకాలు దొరికితే అవే కొనండి. జీవన ఎరువు వేరుని పెంచుతుంది, చిగురుని పెంచుతుంది, చలిని మాత్రం తీసుకురాలేదు. కాయకోసం కాదు, ఆ వెండి ఆకుల అందం కోసం అనుకుంటే ఇక ముందుకి చదవండి.

ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

ఒక్కటే కొనగలిగితే వామ్ కొనండి. మైకోరైజా అని కూడా అంటారు. ఇది ఒకరకం శిలీంధ్రం, అంటే బూజు జాతి. ఆలివ్ వేరులోకి దూరి, లోపల కణాల్లో కాపురం పెట్టి, బయటికి వెంట్రుక కంటే సన్నటి పోగులు చాస్తుంది. వేరు చేరలేని చోటికి ఆ పోగులు చేరి భాస్వరం, జింకు, కొంత నీరు తెచ్చి చెట్టుకిస్తాయి, బదులుగా చెట్టు చక్కెర పెడుతుంది. మన ఎర్రనేలల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. ఎందుకంటే కొంచెం పులుపు గుణమున్న ఎర్రమట్టిలో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం గట్టిగా పట్టేసుకుంటాయి. మట్టిలో ఉన్నా చెట్టుకి అందదు, బీరువాలో డబ్బుండి తాళంచెవి లేనట్టు.

ఇంకో సంగతి. ఆలివ్ మొక్కల్ని ఎక్కువగా కొమ్మ కత్తిరింపులతోనే తయారుచేస్తారు. పెర్లైట్‌లోనో (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కోకోపీట్‌లోనో గుచ్చి, మంచులా నీళ్లు చిమ్ముతూ వేళ్లు తెప్పిస్తారు. అలా పెరిగిన మొక్క అసలు మట్టే చూసి ఉండదు, ఈ శిలీంధ్రాన్ని కలిసే అవకాశమే దానికి రాలేదు. అడవిలో పుట్టిన మొక్కకి ఊరికే దొరికేది నర్సరీ మొక్కకి మనం చేత్తో పెట్టాలి, అదీ వేళ్లు లేతగా ఉన్నప్పుడే. పదేళ్ల చెట్టుకి వేసిన దానికంటే చిన్న మొక్కకి వేసిన వామ్ ఎన్నో రెట్లు పనిచేస్తుందనేది ఇందుకే.

తర్వాతి స్థానం బ్యాక్టీరియాలది. గాలిలోని నత్రజనిని పట్టే అజోస్పైరిల్లమ్ గానీ అజొటోబాక్టర్ గానీ ఒకటి, భాస్వరాన్ని కరిగించే పీఎస్‌బీ ఒకటి, పొటాష్‌ని కదిలించే కేఎస్‌బీ ఒకటి. విడివిడిగా కొనడం తలనొప్పి అనుకుంటే హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల 'అర్కా మైక్రోబియల్ కన్సార్షియం' ఉంది, నత్రజని పట్టేవి, భాస్వరం, జింకు కరిగించేవి ఒకే ప్యాకెట్లో వస్తాయి. ఇంట్లో నాలుగు కుండీలున్నవాళ్లకి అదే సుఖం. వీటన్నిటికీ తోడు ట్రైకోడెర్మా. అది నిజానికి ఎరువు కాదు, వేరుకుళ్లు తెచ్చే బూజుల్ని తినేసే కాపలా బూజు. బెంగళూరు వానలకి అది లేకుండా ఆలివ్ జోలికి వెళ్లొద్దంటాను నేను.

రైజోబియం వద్దు. నేనొకసారి "చెట్లకి మంచి జీవన ఎరువు ఇవ్వండి" అని అడిగితే ఒక షాపాయన రైజోబియం ప్యాకెట్లు రెండు చేతిలో పెట్టాడు, నేనూ తెచ్చి ఆలివ్‌కి వేశాను, ఒక ప్యాకెట్ అయిపోయాక గానీ చదవలేదు. అది కంది, పెసర, వేరుశనగ లాంటి పప్పుజాతి వేళ్ల మీద బుడిపెలు కట్టి పనిచేస్తుంది, ఆలివ్‌తో దానికి పొత్తు లేదు. రెండో ప్యాకెట్ బావ కంది విత్తనాలకి పట్టించుకున్నాడు, కనీసం అక్కడైనా పనికొచ్చింది. ఇక్కడ షాపుల్లో కన్నడంలో 'జైవిక గొబ్బర' అంటే ఏదైనా ఇస్తారు, సూక్ష్మజీవి పేరు పెట్టి అడగండి.

ప్యాకెట్ మీద చూడాల్సినవి

జీవన ఎరువుల్ని 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు కాబట్టి లెక్క రాయాల్సిందే. బ్యాక్టీరియా పొడి అయితే గ్రాముకి కనీసం 5 కోట్ల బతికున్న కణాలు, ద్రవమైతే మిల్లీలీటరుకి 10 కోట్లు ఉండాలి. ప్యాకెట్ మీద ఇది సీఎఫ్‌యూ అని ఉంటుంది. వామ్‌కి ఈ లెక్క కుదరదు, దానికి బీజాల లెక్క వేరే. సూక్ష్మజీవి పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ లేని ప్యాకెట్ ఎంత రంగులమయంగా ఉన్నా అక్కడే పెట్టేయండి. పొడి మామూలుగా ఆర్నెల్లు, ద్రవం ఏడాది. నేనైతే తయారై మూడు నెలలు దాటిన పొడి కొనను.

తేదీ బాగున్నా సరుకు చచ్చి ఉండొచ్చు. ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్‌ని డెలివరీ అబ్బాయి గేటు దగ్గర రేకుల గదిలో పడేసి వెళ్లాడు, నేను రెండ్రోజుల తర్వాత తెచ్చుకున్నాను, పట్టుకుంటే చపాతీలా వెచ్చగా ఉంది. అలాంటిది మొక్కకి వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. షాపులో అద్దం పక్కన ఎండ తగిలేచోట పేర్చి ఉన్నా అంతే. అందుకే వేసవిలో పోస్టులో తెప్పించడం మానేశాను. నవంబరులో జీకేవీకే ప్రాంగణంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టే కృషి మేళాకి వెళ్తే తాజా సరుకు దొరుకుతుంది. పల్లె వైపు ఉంటే హోబళిలో (మన మండలం లాంటిది) ఉండే రైత సంపర్క కేంద్రంలో అడగండి. ద్రవం సీసా ఉబ్బి ఉన్నా, మూత తీస్తే కుళ్లిన వాసన గుప్పుమన్నా అది పారబోయడానికే.

రెండు వారాల ముందు చేసే పని

పొడిని నేరుగా మట్టిలో చల్లితే సూక్ష్మజీవులు ఆకలితో చస్తాయి. ముందు వాటికి కూడు పెట్టాలి. బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ 9 కిలోలు, వేపపిండి ఒక కిలో, అందులో ట్రైకోడెర్మా 100 నుంచి 200 గ్రాములు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, అంత తడి చాలు. నీడలో కుప్ప పోసి తడి గోనె కప్పి పది పదిహేను రోజులు వదిలేయండి, నాలుగు రోజులకోసారి తిరగేసి ఆరితే కొంచెం నీళ్లు చిలకరించండి. గోనె ఎత్తి చూస్తే పైన తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు కనిపిస్తుంది. భయపడి పారేయకండి (మా అమ్మ పారేయబోయింది), అదే ట్రైకోడెర్మా. పచ్చి పేడ మాత్రం వాడొద్దు, మాగేటప్పుడు పుట్టే వేడికి అన్నీ పోతాయి.

నాటే రోజు

బెంగళూరులో దీనికి జూన్ మొదటి పక్షం మంచిది, తొలి వానలకి నేల చల్లబడి ఉంటుంది. అది తప్పితే అక్టోబరు చివర, పెద్ద వానలు తగ్గాక. మార్చి, ఏప్రిల్ వద్దు. ఏ నెలైనా సాయంత్రం నాలుగు దాటాకే మొదలుపెట్టండి.

కుండీ మరీ పెద్దది తీసుకోకండి. ఆరంగుళాల సంచిలో ఉన్న మొక్కకి పన్నెండు అంగుళాల మట్టికుండీ చాలు. పెద్ద కుండీలో వేరు చేరని మట్టి తడిగానే ఉండి పులిసిపోతుంది. ప్లాస్టిక్ కన్నా మట్టికుండీ నయం, నల్ల ప్లాస్టిక్ అయితే మేడ మీద ఎండకి లోపల మట్టి కాలిపోతుంది. మట్టి కలపడానికి నా లెక్క ఇది: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇందాకటి కంపోస్ట్ ఒక పాలు, బేబీ జెల్లీ ఒక పాలు. బేబీ జెల్లీ అంటే ఇక్కడ ఇళ్లు కట్టే చోట దొరికే సన్న కంకర, పక్క సైట్ మేస్త్రీని అడిగితే ఒక బొచ్చె ఇస్తాడు. ఎం-శాండ్ (రాయి పగలగొట్టి చేసే ఇసుక) వేస్తే కడిగి వేయండి, అందులోని రాతిపొడి సిమెంటులా పేరుకుంటుంది. కోకోపీట్ అసలు వేయను, నా అనుభవం పైన చదివారు కదా. ఆలివ్‌కి పీహెచ్ (మట్టి పులుపుని చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7, 8 మధ్య ఇష్టం, ఎర్రమట్టి కాస్త తక్కువుంటుంది కాబట్టి కావేరి నీళ్లో వాననీళ్లో పోసేవాళ్లు కుండీకి గుప్పెడు గుడ్డుపెంకుల పొడి కలపొచ్చు. బోరు నీళ్లు పోసేవాళ్లకి ఆ అవసరం రాదు, ఆ నీళ్లలోనే కావలసినంత సున్నం వస్తుంది, బకెట్ అంచున పట్టిన తెల్లచార చూస్తే తెలుస్తుంది.

మొక్క పెట్టకముందే మట్టి నింపిన కుండీలో ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. నిమిషంలోపు పైన నీరు ఇంకిపోయి కిందనుంచి కారడం మొదలవ్వాలి. అవ్వకపోతే మట్టి బయటికి తీసి ఇంకొంచెం కంకర కలపాల్సిందే, బద్ధకం పనికిరాదు. నాకు ఒక కుండీకి మూడుసార్లు తీయాల్సొచ్చింది.

ఇప్పుడు అసలు పని. సంచిని బ్లేడుతో నిలువుగా కోసి తీయండి, మొక్కని పట్టుకుని లాగకండి. మట్టిముద్ద చుట్టూ వేళ్లు గాజుల్లా చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లగా విడదీయండి, నల్లబడి మెత్తగా ఉన్నవి కత్తెరతో తీసేయండి. ముద్ద మీద కొంచెం నీళ్లు చిలకరించి తడిగా చేయండి. 20 గ్రాముల వామ్, అంటే రెండు చెంచాలకి అటూ ఇటూ, సగం గుంతలో వేరు కూర్చునే చోట వేసి, మిగతా సగం పాపకి పౌడరు రాసినట్టు మట్టిముద్ద చుట్టూ అద్దండి. వామ్ వేరుని తాకాలి, ఈ మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. పైన మట్టి మీద చల్లితే కిందికి దిగదు, ఆకుల మీద పిచికారీ చేస్తే డబ్బు దండగ. ఇంకా చిన్న సంచిలోనే ఉంచదలిస్తే 5 నుంచి 10 గ్రాములు చాలు. ఇవి మట్టిలో పెంచిన మామూలు వామ్ లెక్కలు, చిక్కటి పొడి అయితే ప్యాకెట్ మీద రాసినంతే వేయండి.

తర్వాత మట్టి నింపి చేత్తో తేలిగ్గా నొక్కండి, కాలితో తొక్కకండి. సంచిలో కాండం ఎంతవరకు మట్టిలో ఉందో ఇక్కడా అంతే ఉండాలి, లోతుగా పూడిస్తే మొదలు కుళ్లుతుంది. బ్యాక్టీరియా ప్యాకెట్లోంచి 20 గ్రాములు తీసి, ఉసిరికాయంత బెల్లంతో పాటు రెండు లీటర్ల నీళ్లలో కలిపి అరగంట నీడలో ఉంచి మొదట్లో పోయండి. ద్రవమైతే లీటరుకి 5 మిల్లీలీటర్లు. నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది వేసేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. ముందురోజు రాత్రే బకెట్లో పట్టి మూత లేకుండా ఉంచండి. నాటిన మొక్కని వారం రోజులు పొద్దుటెండ మాత్రమే తగిలే చోట పెట్టి తర్వాత నిండు ఎండలోకి మార్చండి, ఆలివ్‌కి ఎండే ప్రాణం.

నేలలో అయితే రెండడుగుల గుంత, 5 కిలోల కంపోస్ట్, వామ్ అదే లెక్క. కాకపోతే నాటే చోటు చుట్టుపక్కల నేలకంటే అర అడుగు ఎత్తులో మట్టి దిబ్బలా ఉండాలి. మన మామిడికి చేసినట్టు మొదట్లో పళ్లెంలా పాదు చేస్తే సెప్టెంబరు వానలకి అది చెరువవుతుంది. బావ నా మాట వినకుండా మూడింటికి పాదులు చేశాడు, రెండు పోయాయి. పైన ఎండుగడ్డి, రాలిన ఆకులు కప్పండి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలండి.

ఇప్పటికే నాటేసి ఉన్న మొక్కయితే? కాండానికి జానెడు దూరంలో చుట్టూ నాలుగైదు చోట్ల కర్రతో అరచెయ్యి లోతు బొక్కలు పొడిచి, పిల్లవేర్లు తగిలేచోట వామ్ వేసి మూసేయండి. ఎదిగిన చెట్టుకి 200 గ్రాముల దాకా పడుతుంది.

ఆ తర్వాత

మూడు వారాలు ఏమీ చేయకండి. ఇది అన్నిటికన్నా కష్టం. నీళ్లు కూడా వేలు రెండు కణుపుల దాకా గుచ్చితే పొడిగా తగిలినప్పుడే. శిలీంధ్రం వేరులో కుదురుకోవడానికే నెల, నెలన్నర పడుతుంది, పైన తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు. వారానికే ఫలితం చూపించే జీవన ఎరువంటే నాకు అనుమానం, అందులో ఏదో యూరియా కలిపి ఉంటారు.

బ్యాక్టీరియా నీళ్లు రెండు మూడు నెలలకోసారి పోస్తే చాలు, అవి మట్టిలో పోటీకి తట్టుకోలేక తగ్గిపోతుంటాయి. వామ్ మళ్లీ వేయక్కర్లేదు. వేరుతో పాటే పెరుగుతుంది, మనం చంపకపోతే.

చంపే మార్గాలు చాలానే ఉన్నాయి. మొదటిది డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులు. భాస్వరం పుష్కలంగా దొరికితే చెట్టు ఈ శిలీంధ్రాన్ని ఇంట్లోకి రానివ్వదు, చక్కెర పెట్టి పోషించడం దండగనుకుంటుంది. నత్రజని అవసరమైతే వేపపిండి గుప్పెడు చాలు. రెండోది బూజు మందులు. ఆకుమచ్చకి కార్బెండజిమ్ మొదట్లో పోశారంటే ట్రైకోడెర్మా, వామ్ రెండూ అయిపోయినట్టే. వానాకాలంలో ఆకుల మీద గుండ్రటి మచ్చలొచ్చి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కొట్టాల్సొస్తే కుండీ మట్టి మీద ప్లాస్టిక్ కవరు కప్పి కొట్టండి, రాగి మట్టిలోకి కారకూడదు. కుండీని వారాల తరబడి ఎండబెట్టడం ఇంకోటి. ఊరెళ్లేముందు పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లండి, ఆలివ్ తట్టుకున్నా దాని మొదట్లో ఉన్న బ్యాక్టీరియా తట్టుకోదు.

జీవామృతం సంగతి అందరూ అడుగుతారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి అన్నది తెలిసిన లెక్కే, బావ పొలంలో అదే చేస్తాడు, నాకూ ఇష్టమే. మట్టిలో జీవాన్ని కదిలిస్తుంది. కానీ అందులో ఏ సూక్ష్మజీవి ఎంతుందో ఎవరూ చెప్పలేరు, పైగా అందులో వామ్ ఉండదు, కాబట్టి ఇది దానికి బదులు కాదు, తోడు. మేడ మీద మాత్రం చేయకండి. నేనొకసారి పది లీటర్ల బకెట్లో చేస్తే రెండో రోజుకి కింది ఇంటి ఆంటీ మెట్లెక్కి వచ్చారు, ఏదో ఎలుక చచ్చిందేమో చూడు బాబూ అని.

ఇంకో పొరపాటు, ప్రతి జబ్బుకీ జీవన ఎరువే మందనుకోవడం. ఆలివ్‌కి బోరాన్ అనే సూక్ష్మపోషకం ఎక్కువ కావాలి. ఆకు మొదలు పచ్చగానే ఉండి కొస మాత్రం పసుపెక్కి ఎండుతుంటే బోరాన్ లోటై ఉండొచ్చు. లేనిదాన్ని ఏ బ్యాక్టీరియా పుట్టించలేదు. లీటరుకి ఒక గ్రాము బోరాక్స్ కలిపి ఒకసారి ఆకుల మీద కొట్టి ఆగండి, ఎక్కువైతే విషమే.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

ఒకటి రెండు మొక్కల్ని ఏమీ వేయకుండా వదిలేయండి. అన్నిటికీ వేసేస్తే, పెరిగింది ఎరువు వల్లా వాన వల్లా అన్నది ఎప్పటికీ తేలదు. కుళ్లిన వేళ్లు కత్తిరించి ఆ మొక్కతో సహా నాలుగింటినీ కొత్త మట్టిలోకి మార్చినప్పుడు నేను రెండింటికే వామ్, బ్యాక్టీరియా వేశాను. కుళ్లింది ఆ రెండింట్లో లేదు. ఒక్కో మొక్కకి ఒక కొమ్మ చివర ఎర్రదారం కట్టి, నెలకొక ఆదివారం దారం నుంచి చిగురు కొసదాకా టైలర్ టేపుతో కొలిచి క్యాలెండర్ మీద రాశాను. అన్నీ ఒకే ఎండలో, ఒకే బకెట్ నీళ్లు. రెండు నెలలు ఏ తేడా లేదు, చిరాకేసింది. సెప్టెంబరు వచ్చేసరికి, ఎరువు వేసిన రెండూ ముందు చిగురేశాయి, దసరా నాటికి వేయనివాటికంటే జానెడు పొడుగు వచ్చాయి, ఆకు కూడా ముదురు రంగు. కానీ ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ముందటి నెలలతో పోలిస్తే అన్నిటికన్నా ఎక్కువ మార్పు వచ్చింది కుళ్లిన మొక్కలోనే, ట్రైకోడెర్మా కంపోస్ట్ తప్ప ఏమీ వేయకుండా, ఒక్క రంధ్రం తెరిచినందుకు. నాలుగు మొక్కలతో పెద్ద లెక్కలేం తేలవు, నాకు మాత్రం ఏది ముందో ఏది తర్వాతో తేలిపోయింది.

మిగిలిన పొడిని ప్యాకెట్ మడిచి రబ్బరు బ్యాండు వేసి, మూతున్న డబ్బాలో, ఎండ తగలని అల్మరా అడుగున పెట్టండి, ఫ్రీజర్లో వద్దు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు, గడువు తేదీ రాయండి. కొన్ని రకాల పొడి నల్లగా, సన్నగా, అచ్చం కాఫీ పొడిలా ఉంటుంది. పండక్కి వచ్చిన మా పిన్ని పొద్దున్నే లేచి ఫిల్టర్లో రెండు చెంచాలు వేసేసింది, నీళ్లు ఇంకా మరగలేదు కాబట్టి సరిపోయింది.